మందు గుడ్డల స్నానం

అరవై ఎనిమిదేళ్లు వచ్చాక నాకు స్నానం చేయించడం నేర్పారు. నలుగురు పిల్లలను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసినదాన్ని. కోడళ్లకు బాలింత స్నానాలు చేయించినదాన్ని. మంచాన పడిన మా అత్తకు ఏడాదిన్నర పాటు ఒళ్లు తుడిచినదాన్ని. అలాంటి నాకు నేర్పింది మనిషి కూడా కాదు, టీవీ. మదనపల్లెలో ఒక ఆసుపత్రి వార్డులో, మందుల అలమారా పైన గోడకు బిగించిన టీవీ.

రోగం నాది కాదు, నా చెల్లెలిది. ఆమెది కుప్పం. పశువుల కొట్టంలో పేడ ఎత్తుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కుప్పంలో ఫొటో తీసి చూసి, ఆపరేషన్ చేసి లోపలి కీలు గుండు మార్చాలన్నారు. కోడలు నిండు నెలల మనిషి, తోడుకు రాలేదు. నేను పుంగనూరులో ఉంటాను, అక్కడి నుంచి మదనపల్లె ఒక్క బస్సు దూరం. అందుకని ఆమె కొడుకు ఆంబులెన్సులో పడుకోబెట్టుకుని మదనపల్లెకే తెచ్చాడు. అడిగిన కాగితాల మీదంతా సంతకాలు పెట్టాడు. పాలు పిండే మనిషి లేడని అదే సాయంత్రం వెనక్కి వెళ్లిపోయాడు. నేను ఒక చెంబు, రెండు చీరలు, ఒక దుప్పటి పట్టుకుని మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆ స్టూలు మీద పంతొమ్మిది రోజులు కూర్చోబోతున్నానని అప్పుడు తెలియదు. తెలిస్తే ఇంటి నుంచి దిండు తెచ్చుకునేదాన్ని.

పెద్ద డాక్టరు బెంగళూరు నుంచి వారానికి రెండు రోజులే వస్తాడు. వచ్చినవాడు కాగితాలు చూసి, చెల్లెలి కాలి వేళ్లు నొక్కి చూసి, నా వైపు తిరిగాడు.

"అవ్వా, ఆపరేషన్ నాకు కష్టం కాదు. ఈమెకు షుగర్ ఎక్కువుంది. చర్మం మీద ఉండే క్రిమి కోసిన చోట లోపలికి పోతే చీము పడుతుంది. చీము పడితే పెట్టిన గుండు మళ్లీ తీసేయాలి. అప్పుడిక నడవడం ఉండదు. అందుకే ముందు రోజు ఒకసారి, ఆ పొద్దున ఒకసారి, మందుతో ఒళ్లు తుడవాలి. ఎలాగో నర్సమ్మ వీడియో చూపిస్తుంది. అది మాత్రం సరిగ్గా చేయండి."

ఆయన వెళ్లిపోయాక చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నడవకుంటే నా గతేంది? ఆ పిల్లోడు కొట్టాన్ని సూసుకోలేడు. రెండు నెలల్లో ఆవులు అమ్మేస్తాడు సూడు."

"నడుస్తావులే. నోరు మూసుకోని పండుకో," అన్నాను.

ఆమెకు ఆ మూడు ఆవులే బతుకు. మొగుడు పోయాక వాటి మీదే కొడుకును చదివించింది, పెళ్లి చేసింది. రేపు కొడుకు ఇంట్లో ఆమె మాట చెల్లుబాటు కావాలంటే ఆమె లేచి కొట్టంలోకి నడవాలి. నడవలేని ముసలిదానికి ఎవరింట్లోనైనా ఒక మూల, ఒక కంచం. అంతకన్నా ఉండదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

సాయంత్రం నాలుగింటికి నర్సు వచ్చి టీవీలో సీరియల్ తీసేసి వీడియో పెట్టింది. వార్డంతా గోల.

"యాల తీసేస్తివమ్మా, అత్త ఇప్పుడే కదా ఇంట్లోకొచ్చింది!" అని కిటికీ పక్క మంచం మీది ఆమె.

"పది నిమిషాలే పెద్దమ్మా. అత్త యాడికీ పోదు, ఆడనే ఉంటాది," అంది నర్సు.

నర్సు పెద్దమండ్యం పక్క పల్లె పిల్ల. పాతికేళ్లుంటాయేమో. కళ్ల కింద నలుపు. రెండు వార్డులకూ ఒక్కతే తిరుగుతుంది. తానే చెప్పే ఓపిక లేక వీడియో పెడుతోందని నేను అనుకున్నాను. ఓపిక ఉన్నా నోరు ఎన్నిసార్లు తిప్పగలదు, పాపం.

వీడియోలో తెల్లటి గది. తెల్లటి పక్క. దాని మీద ఒకామె. తల చక్కగా దువ్వి ఉంది, ముఖంలో నవ్వు ఉంది. ఇంకొకామె తడి గుడ్డతో ఆమె మెడ తుడుస్తోంది. వెనక నుంచి ఒక గొంతు పుస్తకం చదివినట్టు చెబుతోంది: "ప్రతి భాగమునకు ఒక కొత్త వస్త్రమును ఉపయోగించవలెను."

"ఆ యమ్మకు యాడా నొప్పి లేదే," అంది చెల్లెలు. "పెండ్లికి పోతాండేదాని మాదిరి ఉండాది. నన్ను అట్ల తిప్పితే నా అరుపు కుప్పానికి ఇనపడతాది."

కిటికీ పక్క ఆమె నవ్వింది. నేనూ నవ్వాపుకున్నాను. ఆ నవ్వులో వీడియో చెప్పినది కొంత చెవిన పడలేదు. అయినా ముఖ్యమైనది విన్నాను. ప్యాకెట్టులో ఆరు గుడ్డలుంటాయి. మెడకు, ఛాతీకి ఒకటి, చేతులకు ఒకటి, పొట్టకు ఒకటి, కాలికొకటి చొప్పున రెండు, వీపుకు ఒకటి. ముఖానికి వాడకూడదు. తుడిచాక నీళ్లతో కడగకూడదు, అలాగే ఆరనివ్వాలి. వాడిన గుడ్డ పారేయాలి. తర్వాత పౌడరు, క్రీము, లోషను రాయకూడదు. అన్నీ విన్నాను. వినలేదని ఇప్పుడు చెబితే అబద్ధం.

వీడియో అయిపోగానే నర్సు ఒక కాగితం తెచ్చింది.

"అవ్వా, వీడియో చూసినాము, అర్థమైంది అని ఈడ సంతకం. వేలిముద్రా?"

"మూడో తరగతి దాకా చదివినా. పేరు రాస్తా," అన్నాను. నిదానంగా, అక్షరం అక్షరం రాసి ఇచ్చాను. నర్సు ప్యాకెట్టు చేతిలో పెట్టి పక్క వార్డుకు పరుగెత్తింది.

తెర లాగి ప్యాకెట్టు విప్పాను. గుడ్డలు పలచటివి అనుకున్నాను. కాదు, మెత్తగా, మందంగా, మా ఇంట్లో కొత్త తువ్వాలు కన్నా బాగున్నాయి. మందు కారుతోంది. ఇలాంటి గుడ్డతో ఒక చెయ్యి తుడిచి చెత్తబుట్టలో వేయడానికి నాకు చెయ్యి రాలేదు. బట్టల సబ్బు అరిగి బిళ్లంతైతే దాన్ని కొత్త సబ్బుకు అతికించి వాడేదాన్ని నేను. పారేయమని ఒక నవ్వుమొహం చెబితే పారేస్తానా?

పైగా నా బుద్ధి నాకు ఒక లెక్క చెప్పింది. ఇప్పుడు చెల్లెలి ఒంటి మీద పుండు లేదు, గాయం లేదు. రేపు కోసినాక కదా పుండు. అప్పుడు కదా మందు కావలసింది. అప్పుడు వీళ్లు ఇస్తారో ఇవ్వరో. ఉన్నవి దాచితే ఆమెకే పనికొస్తాయి. ఇలా అనుకుని రెండే గుడ్డలు తీశాను. ఒకటి నడుము పైకి, ఒకటి నడుము కిందికి. మిగిలిన నాలుగూ ప్యాకెట్టులోనే మడిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, నా సంచిలో చీరల అడుగున పెట్టాను.

తుడుస్తుంటే చెల్లెలు పళ్లు బిగబట్టింది. అటు తిప్పితే అరుపు, ఇటు తిప్పితే ఏడుపు. వీపు సగమే అందింది. అంతా అయ్యాక ఆమె ముఖం చిట్లించింది.

"అక్కా, ఒళ్లంతా బెల్లం పాకం పోసినట్టు జిగటగా ఉండాది. వాసన సూడు, కడుపులో తిప్పుతాంది. ఇది స్నానమా? దీనితోనే కత్తి కిందికి పోవాల్నా? కొంచెం ఉడుకు నీళ్లతో తుడిచేయి. ఎవురు సూస్తారు?"

"కడగొద్దన్నారు కదమ్మే."

"కడగొద్దన్నారు. తుడవొద్దన్లేదు కదా."

నాకూ అది స్నానమని అనిపించలేదు. ఒంటి మీద నీళ్లు పడకుండా స్నానమేమిటి? క్యాంటీనులో ఫ్లాస్కు నిండా పట్టిన వేడి నీళ్లున్నాయి. తువ్వాలు ముంచి పిండి, మెడ నుంచి పాదాల దాకా తుడిచేశాను. ఆమె హాయిగా కళ్లు మూసుకుంది. ఆఖరుకు నేను కొంగున కట్టుకుని తెచ్చిన పసుపు విప్పి, నాలుగు చుక్కల నీళ్లతో కలిపి, విరిగిన తుంటి పక్కన మందంగా పట్టించాను. మా వైపు ఈనే ఆవుకైనా, చెవులు కుట్టే పిల్లకైనా, ఇనుము తగిలే చోట ముందు పసుపు పడాలి. పసుపు పడిన చోట చీము చేరదని మా అమ్మ చెప్పింది, నేను నా కూతుళ్లకు చెప్పాను. వీడియోలో పౌడరు వద్దన్నారు, క్రీము వద్దన్నారు. పసుపు పేరే ఎత్తలేదు.

కొంతసేపటికి నర్సు తెర పక్కకు జరిపి తొంగి చూసింది. చెల్లెలి మీద దుప్పటి ఉంది.

"అయిందా అవ్వా? ఆరు గుడ్డలూ వాడినావా?"

"వాడినా."

"కడగలేదు కదా?"

"లేదమ్మా."

కాగితంలో టిక్కు పెట్టుకుని వెళ్లిపోయింది.

తెల్లవారింది. చెల్లెలికి ఏమీ పెట్టకూడదు, నీళ్లు కూడా తాగించకూడదు. ఆ రోజు ఆపరేషన్లలో ఆమెదే మొదటిది. నేను ముఖం కడుక్కోవడానికి వరండాలో కుళాయి దగ్గరకు వెళ్లాను. పక్క గదిలోని రోగి భార్య అక్కడ గిన్నె తోముతోంది. మదనపల్లె ఊరిలోనే ఉండే సాయిబుల మనిషి. ఆమె భర్త వెల్డింగ్ పని చేసేవాడు. కాలు విరిగి రాడ్ వేశారు. నేను వచ్చిన రోజు నుంచి ఆ గదిలోంచి వచ్చే వాసన నాకు తెలుసు గాని అడగలేదు.

"ఈ పొద్దేనా అమ్మా, మీ చెల్లెమ్మకు?" అని తనే అడిగింది.

"ఈ పొద్దే. మొదటిది."

"అల్లా చల్లగా చూడనీ. మా ఆయనకు చీము పట్టి మొన్నటితో మూడోసారి కోసినారు. లోపల కడిగి కడిగి పెడతాండారు. రాడ్ తీసేస్తారంట." గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "ఆ టీవీలో పెడతారు చూడు, స్నానం వీడియో. మేమూ చూస్తిమి. చూసి నవ్వుకుంటిమి. ఆయన ఏమన్నాడు, ఇదేం స్నానం, నేను శుభ్రంగా చేసుకుంటానని చక్రాల కుర్చీలో బాత్రూముకు పోయి సబ్బేసి రుద్దుకోని, ఆ మందంతా కడుక్కోని, మీద అత్తరు కూడా పూసుకోని వచ్చె. నేనే బకెట్ నీళ్లు పెట్టిచ్చింది."

"దానివల్లనే అన్నారా డాక్టర్లు?"

"అన్లేదు. అడిగితే చెప్పలేం అన్నారు. దానివల్ల కావచ్చు, కాకపోవచ్చంట." ఆమె కుళాయి కట్టేసింది. "వాళ్లకు తెలీదు. నా మనసులో మాత్రం ఆ బకెట్టు ఉండనే ఉండాది అమ్మా. పొద్దన లేస్తే అదే కనపడతాది."

ముఖం కడుక్కున్నానో లేదో కూడా గుర్తులేదు. వార్డులోకి వచ్చి మంచం దగ్గర నిలబడ్డాను. చెల్లెలు నోరు ఎండి పెదవులు తడుపుకుంటోంది. దుప్పటి కింద ఆమె తుంటి, దాని మీద నా పసుపు. ఇప్పుడైనా మించిపోలేదు, పొద్దుటి ప్యాకెట్టు సరిగ్గా వాడితే సరిపోతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. రెండుసార్లు అన్నాడు డాక్టరు. ఒకసారి చాలేమో. మొదటిది ఎలాగూ సగమైనా చేశాను. ఎవరికీ చెప్పనవసరం లేదు. చెబితే ఈ రోజు ఆపరేషన్ ఆపేస్తే? మళ్లీ డాక్టరు వచ్చేదాకా ఆ నొప్పితో పడుకోవాలి ఈమె. చెప్పకపోతే?

అంతలో నర్సు రెండో ప్యాకెట్టు తెచ్చి, ఈసారి తనే దుప్పటి తీసింది.

"అయ్యో, ఇదేంది అవ్వా! పసుపా?"

"కోసే చోట పడాలని..."

"వీడియోలో చెప్పినారు కదా, ఏమీ రాయొద్దని!"

"పసుపు అన్లేదు కదమ్మా. పౌడరన్నారు, క్రీమన్నారు."

నర్సు అలసటగా నవ్వింది. "నిజమే. వీడియో తీసినోళ్లకు పసుపు గుర్తు రాలేదు. పోనీ, ఇంతే కదా. దీన్ని తుడిచేస్తా. మా అమ్మైనా ఇదే చేసింటాది."

అక్కడితో అయిపోయేది. ఆమె నన్ను వదిలేసింది. పసుపు ఒక్కటే తప్పు, అది కూడా ముసలమ్మ తెలియక చేసిన తప్పు, నవ్వుకుని మరిచిపోయే తప్పు. కుళాయి దగ్గర ఆమె ముఖం కళ్ల ముందు లేకపోతే నేనూ నవ్వేసి ఊరుకునేదాన్నే.

"అంతే కాదమ్మా," అన్నాను.

వంగి సంచి తీశాను. చీరలు పైకి లాగి, కవరు విప్పి, నాలుగు గుడ్డలూ ఆమె చేతిలో పెట్టాను.

"రెండే వాడినా. మిగతావి పుండు పడినాక పనికొస్తాయని దాచినా. ఉడుకు నీళ్లతో తుడిచేసినా కూడా. అన్నీ చేసినానని నీకు అబద్ధం చెప్పినా."

నర్సు ఆ గుడ్డలను, నన్ను, మంచం మీది మనిషిని మార్చి మార్చి చూసింది. నవ్వు పోయింది. "సంతకం పెట్టినావు కదవ్వా," అంది మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

"ఉడుకు నీళ్లతో ఎందుకు తుడిచినావు? కడగొద్దని అంత చెప్పినాక?"

నేను జవాబు చెప్పేలోపు మంచం మీద నుంచి గొంతు వచ్చింది.

"నాకేం తెల్దు తల్లీ. మా అక్కే చేసింది. నేను వద్దంటానే ఉన్నా."

తిరిగి చూశాను. చెల్లెలు పైకప్పు వైపు చూస్తోంది. చిన్నప్పుడు బెల్లం తిని నా మూతికి పూసేది, అదే ముఖం. చేతులు నావే కదా తుడిచింది.

నర్సు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లింది. వెళ్లిన దగ్గర నుంచి వచ్చేదాకా నేను స్టూలు మీద కూర్చోలేదు. వచ్చి చెప్పింది. డాక్టరు కోప్పడ్డాడు, కాని ఆపలేదు. ఇప్పుడు మొత్తం మళ్లీ చేయాలి. ఈమెను మొదటి నుంచి తీసి చివర పెడతారు. మధ్యాహ్నం ఇంకోసారి తుడవాలి. సాయంత్రం దాకా నోట్లో చుక్క నీళ్లు పోయకూడదు, చేతికి సెలైన్ పెడతారు.

"సాయంత్రం దాకానా!" అని చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. "అక్కా, నా గొంతు ఇప్పుడే అంటుకుపోతాండాది. ఎంత పని చేస్తివే!"

నర్సు ట్యాబు తెచ్చి మంచం మీద, చెల్లెలి మోకాళ్ల పక్కన నిలబెట్టింది. ఈసారి టీవీ కాదు. ఒక్కొక్క ముక్కా చూడటం, ఆపడం, చేయడం. ఆ గొంతు "మెడ మరియు భుజములు" అనగానే ఆపేది. నేను తుడిచేదాన్ని. "గట్టిగా రుద్దొద్దవ్వా, నిదానంగా. మడతల్లో. ఆడ, చంక కింద. సరే, ఆ గుడ్డ పారేయి." పారేశాను. "ఇంకోటి తీ." తీశాను. మొదటి రోజు నేను వదిలేసిన చోట్లన్నీ అప్పుడు తెలిశాయి. గజ్జలు. వేళ్ల సందులు. వీపులో కింది సగం. ఆ సగం కోసం నర్సు, నేను, ఆయా ముగ్గురం కలిసి చెల్లెలిని దుప్పటితో పాటు పక్కకు ఒరిగించాం. ఆమె అరుపుకు కిటికీ పక్క ఆమె చెవులు మూసుకుంది. వీడియోలో నవ్వుతున్న ఆమె అలాగే నవ్వుతోంది.

"ఇప్పుడు ఆరనీ. ఊదొద్దు, విసరొద్దు," అంది నర్సు.

జిగటగా ఉందని చెల్లెలు మళ్లీ అనలేదు. నా వైపు చూడలేదు కూడా.

పదింటికి కుప్పం నుంచి ఆమె కొడుకు దిగాడు. ఆపరేషన్ అయిపోయి ఉంటుందని పండ్లు తెచ్చాడు. విషయం నర్సు చెప్పింది. వాడు నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఇంట్లో అగ్గిపుల్ల రెండుసార్లు గీస్తావు, నీ ఇష్టం. మా యమ్మ ఒంటి మీద కూడానా నీ పొదుపు?"

"తప్పే," అన్నాను.

"తప్పే అంటే అయిపాయనా? ఏమన్నా అయితే?"

"అయితే నేనుండి చూసుకుంటా. కుప్పానికొచ్చి మీ కొట్టంలో పేడ కూడా ఎత్తుతా. ఇప్పుడు నా మీద అరవకు, నాకు తల తిరుగుతాంది."

నిజానికి నేను పొద్దుటి నుంచి టీ కూడా తాగలేదు. ఆమె తాగలేని నీళ్లు నేను ఎలా తాగేది? వాడు తెచ్చిన పండ్ల సంచి మంచం కింద అలాగే ఉంది. మధ్యాహ్నం ఇంకో ప్యాకెట్టు. అదే వీడియో, అదే గొంతు, అవే ఆరు గుడ్డలు. ఈసారి నర్సు ట్యాబు పెట్టి వెళ్లిపోయింది. ఎలా ఆపాలో, ఎలా నడపాలో నాకు వచ్చేసింది. గుడ్డ పారేసేటప్పుడు చెయ్యి ఆగలేదు. మంచి గుణం వచ్చిందని కాదు. ఆగేంత బలం చేతిలో లేదు.

అయిదు దాటాక చక్రాల మంచం వచ్చింది. తోసుకుపోతుంటే చెల్లెలు నా కోసం చెయ్యి చాపుతుందేమో అనుకున్నాను. చాపలేదు. కొడుకు చెయ్యి పట్టుకుంది. తలుపు మూసుకుంది. నేను వరండాలో నేల మీదే కూర్చున్నాను. వెల్డింగ్ ఆయన భార్య వచ్చి పక్కన కూర్చుంది. కాసేపయ్యాక ఒక బన్ను తుంచి సగం నా చేతిలో పెట్టింది.

ఆపరేషన్ అయింది. గుండు పెట్టారు. అది అయింది అంటే అయిపోయినట్టు కాదు అని అందరూ చెప్పారు. కట్టు విప్పేదాకా ఏమీ చెప్పలేమన్నారు. అప్పటి నుంచి రోజులు లెక్కపెట్టడం తప్ప నాకు వేరే పని లేదు. పని లేదంటే, చేతులకు చాలా ఉండేది. రోజూ పొద్దున కట్టు ఉన్న చోటు వదిలి మిగతా ఒళ్లంతా మందు గుడ్డలతో తుడవాలి. ఉప్పు లేని అన్నం తినిపించాలి. బెడ్‌ప్యాన్ పెట్టాలి, తీయాలి. చెల్లెలు నాతో అవసరానికే మాట్లాడేది. "నీళ్లు." "దిండు." "ఆ పక్కకు." జ్వరం వచ్చిన రోజు ఒకటుంది. నూరు దాటింది. నర్సు థర్మామీటరు చూసి వెళ్లి ఫోను చేసింది. ఆ రోజు నేను మంచం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. మర్నాటికి దిగింది. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం నాలుగింటికి వీడియో వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్లు అత్త సీరియల్ కోసం గోల పెట్టేవాళ్లు. వీడియో అయిపోగానే నర్సు తలుపు దగ్గర నిలబడి నోటితో ఇంకో మాట కలిపేది: "పసుపు కూడా వద్దు. విభూది కూడా వద్దు. గుడ్డలు దాచుకోవద్దు." మూడో మాట అన్నప్పుడు నా వైపు చూసేది కాదు. ఆ పిల్లకు ఆ మర్యాద ఉంది.

మేము ఆసుపత్రికి వచ్చిన పద్నాలుగో రోజు బెంగళూరు డాక్టరు కట్టు విప్పాడు. నేను మంచం కాళ్ల వైపు నిలబడ్డాను. దూది ఊడి వచ్చింది. కుట్లు వరుసగా, నల్లటి చీమల బారులా. ఆయన చుట్టూ వేలితో నొక్కాడు. ఒక చోట ఎర్రగా కనిపించి నా ప్రాణం పోయింది. అక్కడ ఇంకోసారి నొక్కాడు, కిందికి వంగి వాసన చూశాడు.

"పొడిగా ఉంది. ఇది ప్లాస్టర్ రాసుకుపోయిన ఎరుపు. కుట్లు తీసేయండి. రేపటి నుంచి వాకర్ పట్టి నిలబెట్టండి."

నాకు సంతోషం కలగలేదు. కలగాల్సింది. మంచం పట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నర్సు నా భుజం మీద చెయ్యి వేసి స్టూలు జరిపింది.

వాకర్ పట్టి నాలుగు అడుగులు వేసేదాకా, మెట్టు ఎక్కేదాకా ఇంకో అయిదు రోజులు. కోడలికి నెలలు నిండాయి కాబట్టి చెల్లెలిని కుప్పం కాకుండా నా ఇంటికే, పుంగనూరుకు కారులో తీసుకెళ్లాం. ఆవులు ఎలా ఉన్నాయో ఫోనులో కొడుకును దారి పొడుగునా అడిగింది. "ఎర్రావు మేత మేస్తాందా? నేను లేనని పాలు దాచుకుంటాదేమో, పొదుగు బాగా నిమరరా." కారు గుంతలో పడినప్పుడల్లా అరిచి, అరుపు ఆపి మళ్లీ అడిగింది.

మర్నాడు పొద్దున ఆమెకు నీళ్లు పోశాను. డాక్టరు పోయవచ్చన్నాడు. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసి, వాకర్ పట్టుకుని నడిపించి కూర్చోబెట్టాను. పంతొమ్మిది రోజుల తర్వాత ఒంటి మీద నీళ్లు. మొదటి చెంబు పడగానే "ఉడుకు, ఉడుకు!" అని అరిచింది. రెండోదానికి చల్లగా ఉందంది. ఆ మచ్చ మీద నీళ్లు జారిపోతుంటే నేను పక్కకు వంగి చూశాను. మూసుకుంది. చుట్టూ తోలు మాత్రం పొట్టు రేగుతోంది.

తలకు కుంకుడు రసం పట్టిస్తుంటే కళ్లు మూసుకుని అంది.

"అక్కా, ఆ పొద్దు నర్సు ముందర నేను..."

"తల వంచు. కళ్లల్లో పడితే మండుతాది," అన్నాను.

వంచింది. నా నడుము పట్టేసింది, నిలబడలేకపోయాను. ఆమె కుర్చీ వీపు పట్టుకుని, నీళ్లు పోయడం ఆపకుండా, అలాగే ఒరిగి నిలబడ్డాను.

"ఆ సెవి ఎనక పోయలేదు," అంది చెల్లెలు.

పోశాను.